డ్రైవ్ పెట్టే ముందు లిస్ట్ చూడరా చిన్నా

ఒరేయ్ చిన్నా,

మీ కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో ఓటింగ్ పెంచాలని ఏదో డ్రైవ్ పెడుతున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచి పనే గానీ వాట్సాప్ గ్రూపులో "మీకు బాధ్యత లేదా" అని మెసేజ్‌లు మాత్రం పెట్టకు, టీచర్‌గా ఉన్నన్నాళ్లూ ఎలక్షన్ డ్యూటీలు చేశా, తిట్టించుకుని బూత్‌కి వచ్చినోణ్ణి ఒక్కణ్ణి చూళ్లేదు నేను.

2024 మే 13 సంగతే తీసుకో, రెండు రాష్ట్రాల్లో ఒకే రోజు పోలింగ్, హైదరాబాద్ సీట్లో 48 శాతం, పక్కనే భువనగిరిలో 76, ఆంధ్రాలో 81 పైన. సిటీ వాళ్లకి బద్ధకం అని టీవీల్లో ఒకటే గోల. బద్ధకం లేదని నేననట్లా, కానీ ఆ ముందు రెండ్రోజులు మీ ఏరియా నుంచి ఆంధ్రాకి బస్సులు ఎలా కిక్కిరిసిపోయాయో నువ్వూ చూశావు కదా, వాళ్లలో కొందరికి ఓటర్ల లిస్ట్‌లో ఇక్కడా పేరుంది అక్కడా పేరుంది, ఊళ్లో వేస్తే ఇక్కడ వెయ్యనట్టే లెక్క. అద్దిళ్లు మారినోళ్ల, చనిపోయినోళ్ల పేర్లు కూడా లిస్ట్‌లో అలాగే ఉంటాయి, పర్సెంటేజ్ పడిపోదా మరి.

ఒకసారి నా బూత్‌కి మొగుడూ పెళ్లాం ఎండలో గంట నిలబడి వచ్చారు, చేతిలో ఓటర్ కార్డులున్నాయి, లిస్ట్‌లో పేర్లు లేవు. కార్డుంటే చాలనుకున్నారు పాపం. వెనక్కి పంపక తప్పలేదు, ఆవిడ మొహం ఇప్పటికీ గుర్తుంది నాకు.

అందుకే స్పీచ్‌లు వదిలేసి నాలుగైదు నెలల ముందే ఫ్లాట్ ఫ్లాట్‌కీ వెళ్లి ఫోన్లో పేర్లు చూసి పెట్టు. కొత్తగా ఓటు చేర్చుకునేవాళ్లకి ఫారం 6, ఇల్లు మారినోళ్లకి ఫారం 8. నామినేషన్ల ఆఖరి రోజు దాటితే ఇక చేర్చరు. పిల్లలకి 18 నిండటానికి జనవరి 1 ఒక్కటే కాదిప్పుడు, ఏప్రిల్, జులై, అక్టోబర్ 1 కూడా లెక్కే. రెండుచోట్ల పేరు ఉండటం మాత్రం తప్పు, ఒకటి తీయించుకోమను, ఊళ్లోదే ఉంచుకుంటానంటే ఉంచుకోనీ, అదీ ఓటే కదా.

ఆఫీస్ నుంచి లేటయ్యేవాళ్లకి ఇంకో మాట చెప్పు, టైమ్ అయిపోయేసరికి లైన్లో ఉంటే చాలు, చివరి మనిషి నుంచి మొదలుపెట్టి స్లిప్పులిస్తాం, ఎంత రాత్రైనా వేయనిస్తాం.

అన్నట్టు నువ్వు పోయినేడు ఇల్లు మారావు కదా, ఫారం 8 పెట్టావా లేదా?

మీ పెదనాన్న