తుపాకి చీరల బీరువాలో ఉండకూడదు

ప్రశ్న: మేస్త్రిగారికి నమస్కారం. సైన్యంలో చేసి రిటైరయ్యాను. లైసెన్సు ఉన్న 12 బోరు డబుల్ బ్యారెల్ తుపాకి నా దగ్గరుంది. గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు ఖాళీ చేసి విజయవాడలో మా అబ్బాయి ఫ్లాట్‌కి, మూడో అంతస్తుకి మారుతున్నాం. తొమ్మిదేళ్ళ మనవడు, ఆరేళ్ళ మనవరాలు ఉన్నారు. ఇన్నాళ్ళూ స్టీలు బీరువాలో మా ఆవిడ చీరల వెనక దాన్ని నిలబెట్టాను. వేరే పెట్టె కొనాలా? నంబర్లదా, తాళంచెవిదా? నేలకి బిగిస్తే టైల్స్ పగులుతాయని మా అబ్బాయి గొడవ.
– ఒక మాజీ సుబేదార్, గుంటూరు

జవాబు: సుబేదార్‌గారూ, తాళంచెవి ఎక్కడ పెడతారో కూడా మీ ఉత్తరంలో రాశారు. ఆ వాక్యం అచ్చుకి వెళ్ళకుండా నేనే కొట్టేశాను. అయినా నాకు తెలిసిపోయింది కాబట్టి ఆ చోటు ఇవాళే మార్చేయండి.

ఇక పెట్టె సంగతి. కొనాల్సిందే. చీరల బీరువా రేకు మామూలుగా 20, 22 గేజీ ఉంటుంది. అంటే మిల్లీమీటరు మందం కూడా లేదన్నమాట. (గేజీ అంకె పెరిగేకొద్దీ రేకు పలచన. షాపతను ‘ఇరవై రెండు గేజీ సార్’ అని గొప్పగా చెబితే మురిసిపోకండి.) విజయవాడ వన్‌టౌన్‌లో ముప్ఫై ఏళ్ళుగా తాళంచెవులు పోయిన బీరువాలు తెరుస్తున్నాను. ఇంటివాళ్ళు ఇచ్చిన టీ చల్లారేలోపు నా పని అయిపోతుంది. దొంగకి మాత్రం ఎంతసేపు? అయినా మీ ఇంట్లో నాకు దొంగ భయం కన్నా ఆ తొమ్మిదేళ్ళ వాడి భయమే ఎక్కువ. నానమ్మ బీరువా తీస్తే పిల్లలు వెనకే వచ్చి నిలబడతారు. చీర కోసం రోజూ తెరిచే తలుపు వెనక తుపాకి ఉండకూడదు.

30 అంగుళాల గొట్టాలున్న తుపాకి నిలువునా 47 అంగుళాల దాకా వస్తుంది. దాన్ని అలాగే నిలబెట్టాలంటే 5 అడుగుల పెట్టె కావాలి. కానీ మీది గొట్టాలు, ముందు చెక్క, వెనక బట్ మూడుగా విడిపోయే రకం. విప్పి పెడితే 3 అడుగుల పెట్టె చాలు. 4 మిల్లీమీటర్ల రేకుతో, అడుగున్నర వెడల్పు, అడుగుంబావు లోతు లెక్కేస్తే పెద్దది 90 కిలోలు, చిన్నది 60 కిలోలు తూగుతుంది. మీకు చిన్నదే మేలు. తూటాలకి మాత్రం వేరే పెట్టె, వేరే తాళం.

బరువుంది కదా, ఎవరు ఎత్తుకుపోతారులే అనుకోకండి. ఇద్దరు మనుషులు పైకెక్కించినదాన్ని ఇద్దరు మనుషులు కిందికి దించలేరా? బోల్టు పడాల్సిందే. గది మూలకి ఆనించి పెట్టండి, గడ్డపార దూరే సందు ఉండదు. పెట్టె లోపలి నుంచి నాలుగు 10 మిల్లీమీటర్ల యాంకర్ ఫాస్టెనర్లు (కాంక్రీటులో బిగుసుకునే బోల్టులు) నేలకి దిగాలి. తలుపు తెరవకుండా వాటిని ఎవరూ విప్పలేరు. టైలు, దాని కింది మాలు లెక్కలోకి రావు. పట్టు శ్లాబులో ఉండాలి. శ్లాబు సుమారు 5 అంగుళాలే కాబట్టి డ్రిల్లు బిట్‌కి లోతు గుర్తుగా టేపు చుట్టమనండి, లేకపోతే కింది ఫ్లాటు వాళ్ళ సీలింగులో తేలుతుంది. వాళ్ళ ఫ్యాన్ల కరెంటు పైపులు కూడా ఆ శ్లాబులోనే ఉంటాయి. అవి ఎటు పోయాయో బిల్డర్ని అడిగాకే చెయ్యి పెట్టండి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడని మాత్రం నమ్మొద్దు, గట్టిగా లాగితే బోల్టు ఇటుక ముక్కతో సహా ఊడొస్తుంది.

అబ్బాయిగారి టైల్స్ సంగతికి వస్తే, ముందు టైలు బిట్‌తో, డ్రిల్లులో హ్యామర్ ఆపేసి నిదానంగా చిల్లు పెట్టి, కాంక్రీటు తగిలాక హ్యామర్ వేస్తే పగలవు. పగిలినా ఒక్క టైలు. దాని మీద పెట్టె కూర్చుంటుంది, ఎవరు చూడొచ్చారు?

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ మీద పడ్డాక నా దగ్గరికి చాలా పెట్టెలు వచ్చాయి. నంబర్ల తాళాల్లో బోర్డులు చచ్చిపోయాయి. చెవి తాళాలు కడిగి నూనె పోస్తే తిరిగాయి. మీది మూడో అంతస్తు, వరద రాదనుకోండి. కానీ నంబర్ల తాళానికి అందరూ పుట్టినరోజే పెడతారు, తాతగారి పుట్టినరోజు కేకు తినే పిల్లలకి తెలియదా? నా ఓటు చెవికే. తేమకి మాత్రం మూడో అంతస్తయినా ఒకటే. సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారగానే మార్చండి. గుడ్డ సంచిలో చుట్టి లోపల పెడితే చెమ్మంతా అదే పట్టి గొట్టాలకి తుప్పు అంటిస్తుంది.

తరలించేటప్పుడు పెట్టె ఖాళీగా ఉండాలి. తలుపుకి తాళం వేసి, పైన తాడు బిగించి, పెట్టె వెనకవైపు కిందికి ఉండేలా పడుకోబెట్టి మోయాలి. నా ఎడమ చిటికెనవేలికి గోరు లేదు. కుర్రతనంలో తాడు ఎందుకులే అనుకున్న రోజు పెట్టె తలుపు మెట్ల మధ్యలో తెరుచుకుంది. మీకు ఆరుగురి లిఫ్టుంటే అది 408 కిలోలు మోస్తుంది. పెట్టె, ముఠావాళ్ళు ఇద్దరు సులువుగా పడతారు.

తుపాకి మాత్రం సామాన్ల లారీ ఎక్కకూడదు. తూటాలు తీసి, లైసెన్సు జేబులో పెట్టుకుని మీరే తీసుకురావాలి. చిరునామా మార్పు కూడా మరిచిపోవద్దు. గుంటూరులో ఆ కాగితాలు కలెక్టరు ఆఫీసువి, ఇక్కడ పోలీస్ కమిషనరేట్ చూస్తుంది.

రెండో చెవి బ్యాంకు లాకర్లో పడెయ్యండి. అబ్బాయికి ఇవ్వొద్దు, లైసెన్సు మీ పేరు మీదే కదా. మొదటిది మీ మొలతాడుకి కట్టుకోండి. ఆ చోటు పత్రికలో అచ్చయినా ఫర్వాలేదు.