సిలువ ధ్యానం రాస్తున్న తమ్ముడికి

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి వందనాలు.

గుడ్ ఫ్రైడే ఆరాధనలో చదవడానికి సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద నువ్వు రాసిన ధ్యానాలు అందాయి. అన్నీ చదివాను. నీ దగ్గర భాష ఉంది, భక్తి ఉంది, కూర్చుని రాసే ఓపిక ఉంది. అందుకే దాపరికం లేకుండా చెబుతున్నాను. ఇవి వినేవాళ్లను ఏడిపించాలని రాసినట్టున్నాయి. ఆ ఉద్దేశాన్ని పక్కన పెడితే తప్ప ఇవి నిలబడవు.

మొదటి ధ్యానంలో మేకులు దిగడం, నరాలు తెగడం ఒక పేజీ నిండా ఉంది. నాలుగు సువార్తలూ తీసి పక్కపక్కన పెట్టుకుని చూడు. సిలువ వేశారు అన్న ఒక్క మాటతో నలుగురూ ముందుకు వెళ్లిపోయారు. అక్కడ మేకుల ప్రస్తావనే లేదు. అది యోహాను 20వ అధ్యాయంలో, ప్రభువు లేచిన తర్వాత, శిష్యుడు తోమా నోట వస్తుంది. వాళ్లు వదిలేసిన చోట మనం పేజీలు నింపితే వినేవాళ్లు శరీరం దగ్గరే ఆగిపోతారు. ఆ శరీరం ఎవరి కోసం అప్పగించబడిందో అక్కడిదాకా రారు.

ముప్పైతొమ్మిది కొరడా దెబ్బలు అని రాశావు. ప్రసంగాల్లో ఈ లెక్క ఎప్పుడూ వింటూనే ఉంటాం, కానీ ఏ సువార్తలోనూ లేదు. ఒకటి తక్కువ నలుబది దెబ్బలు యూదులు వేసే శిక్ష. రెండో కొరింథీ పత్రిక 11:24లో పౌలు తనకు పడిన దెబ్బల గురించి చెప్పుకున్న లెక్క అది. ప్రభువును కొరడాలతో కొట్టించినవాడు రోమా అధిపతి పిలాతు, కొట్టినవాళ్లు రోమా సైనికులు. ఎన్ని దెబ్బలన్నది ఎవరూ రాయలేదు. మధ్యాహ్నం కమ్మిన చీకటిని సూర్యగ్రహణం అన్నావు, అదీ కొట్టెయ్. ప్రభువు చనిపోయింది యూదుల పస్కా పండుగ రోజుల్లో. పస్కా వచ్చేది పున్నమికి, సూర్యగ్రహణం పట్టేది అమావాస్యకు. మన ఊళ్లో పంచాంగం చూసే పెద్దాయన ఎవరైనా గుళ్లో ఉంటే ఆ వాక్యం దగ్గరే నీ మీద నమ్మకం పోతుంది. పోయిన నమ్మకం ఏడో మాటదాకా తిరిగి రాదు.

ప్రభువును పట్టించిన యూదా మీదా, యూదుల పెద్దల మీదా నువ్వు రాసిన కోపం గురించి మరికొంచెం చెప్పాలి. మన లూథరన్ సంఘాలకు ఆ పేరు రావడానికి కారణమైన జర్మనీ సంస్కర్త మార్టిన్ లూథర్ 1519లో క్రీస్తు శ్రమల ధ్యానం మీద ఒక ప్రసంగం ప్రచురించాడు. అందులో ముందుగా తప్పుడు ధ్యానాలు ఏవేవో చెప్పాడు. యూదులనూ యూదానూ తిట్టుకుంటూ కూర్చునేది ఒకటి. శ్రమల బొమ్మనో సిలువనో వెంట పెట్టుకుంటే ఆపదలు రావనుకునేది ఇంకొకటి. క్రీస్తును చూసి అయ్యో పాపం అని ఏడ్చి ఇంటికి పోయేది మరొకటి. ఈ మూడు తప్పుల్లో మొదటిదీ మూడోదీ రెండూ నీ ధ్యానాల్లో ఉన్నాయి. లూథర్ చెప్పిన సరైన ధ్యానం వేరు. ముందు ఆ మేకులు కొట్టింది నా పాపమే అని భయపడాలి. తర్వాత ఆ పాపాన్ని మనస్సాక్షి మీద ఉంచుకోకుండా క్రీస్తు మీద వేసేయాలి. యెషయా 53:6 చెప్పేది అదే. ఆ తర్వాత ఆయన గాయాలు దాటి ఆయన హృదయంలోకి, దాని వెనక తండ్రి ప్రేమలోకి చూడాలి. ఇలాంటి ధ్యానం పావుగంట చేసినా ఏడాది ఉపవాసం కంటే మేలు అన్నాడాయన. నీకు దొరికేదీ ఇంచుమించు ఆ పావుగంటే.

ఇంకో సంగతి గమనించు. మనం ప్రతి ఆదివారం ఒప్పుకునే విశ్వాస ప్రమాణంలో సిలువ మరణంతో ముడిపడి వచ్చే అధికారి పేరు పిలాతుది ఒక్కటే. ఏ జాతి పేరూ లేదు. నీ రాతలో కూడా ఉండకూడదు.

ఇప్పుడు నాలుగో మాటకు వద్దాం. మత్తయి, మార్కు ఇద్దరూ రాసింది ఈ ఒక్క మాటే. మిగతా ఆరూ లూకాలో మూడు, యోహానులో మూడు. “నా దేవా, నా దేవా, నన్నెందుకు చేయి విడిచితివి” అని రాసి, నువ్వు వెంటనే కంగారుపడ్డావు. నిజానికి తండ్రి విడిచిపెట్టలేదు, ఇది 22వ కీర్తన మొదటి వచనం, ఆ కీర్తన స్తుతితో ముగుస్తుంది కదా అని మూడో వాక్యానికే సర్దిచెప్పేశావు. కీర్తన సంగతి నిజమే, చివర స్తుతి ఉన్న మాటా నిజమే. కానీ సువార్తికులు మన ముందు పెట్టింది ఆ మొదటి వచనమే. ఆకాశం నుంచి జవాబు వచ్చిందని వాళ్లు రాయలేదు. దగ్గర నిలబడినవాళ్లు ఏలీయా ప్రవక్తను పిలుస్తున్నాడు అనుకున్నారు, అంతే. ఆ జవాబు లేకపోవడాన్ని నీ పేజీలో ఉండనివ్వు.

1518 ఏప్రిల్‌లో హైడెల్‌బర్గ్‌లో వాదానికి పెట్టిన సిద్ధాంతాల్లో, 21వ దానిలో, లూథర్ ఒక తేడా చూపించాడు. మహిమను వెతికే వేదాంతి చెడ్డదాన్ని మంచిదంటాడు, మంచిదాన్ని చెడ్డదంటాడు. సిలువ వేదాంతి ఉన్నదాన్ని ఉన్నట్టు చెబుతాడు. ధ్యానం రాసేవాడికి ఇంతకంటే పనికొచ్చే సూత్రం నాకు తెలియదు. రొయ్యల గుంటకు వైరస్ తగిలి, మేత బాకీ తీర్చలేక తిరుగుతున్నవాడు ఆ శుక్రవారం మూడో బెంచీలో కూర్చుని ఉంటాడు. సిలువ వైపు చూడు, నీ అప్పు తీరుతుంది అని రాస్తే అది మహిమ వేదాంతం, పైగా అబద్ధం. నీ కష్టం అసలు కష్టమే కాదు, దీవెన అని రాసినా అబద్ధమే. నష్టాన్ని నష్టం అనే రాయి. దేవుడు లేడేమో అనిపించే ఆ చోట, జవాబు రాని ఆ కేకలో, దేవుని కుమారుడు ముందే ఉన్నాడని రాయి. విడిచిపెట్టబడ్డ ఆ నిమిషంలో కూడా ఆయన “నా దేవా” అనే పిలిచాడు. మార్కు 15:39లో సిలువ ఎదుట నిలబడ్డ రోమా శతాధిపతి ఆయన ఎలా చనిపోయాడో చూసి దేవుని కుమారుడని ఒప్పుకున్నాడు. నీ నాలుగో ధ్యానం ఆ శతాధిపతి దగ్గర ముగిస్తే సరిపోతుంది.

ఐదో మాటలో “దప్పిగొనుచున్నాను” అనగానే ఆత్మల కోసం దాహం అని ఎగిరిపోయావు. ముందు నీళ్ల దాహం రాయి. యోహాను దాన్ని అంత వివరంగా రాశాడు: చిరక (పులిసిన ద్రాక్షారసం) నిండిన పాత్ర, స్పంజీ, హిస్సోపు పుడక. గుడ్ ఫ్రైడే మార్చి 20కీ ఏప్రిల్ 23కీ మధ్య ఎప్పుడైనా పడుతుంది. అంటే మన వైపు వరికోతల సమయంలోనో, అవి అయిపోయిన ఎండల్లోనో వస్తుంది. పన్నెండింటికి కోత మళ్లల్లోంచి నేరుగా గుడికి వచ్చే అమ్మలకు దాహం అంటే ఏంటో నువ్వు చెప్పనక్కరలేదు. కనిగిరి వైపు నుంచి వచ్చిన కోడళ్లు ఉంటారు, ఫ్లోరైడ్ నీళ్లకు భయపడి తాగే నీళ్లు డబ్బు పెట్టి కొనుక్కున్నవాళ్లు. దేవుని కుమారుడు నీళ్లు అడిగాడు అన్న వాక్యం వాళ్లకు చాలా దగ్గరగా తగులుతుంది. ఆ వాక్యం తర్వాత కాసేపు ఏమీ చేర్చకు.

ఇక దిద్దుకునే పద్ధతి. ధ్యానం పూర్తయ్యాక చివరి పేజీ తీసి క్రియాపదాల కింద గీతలు గియ్యి. మారాలి, విడిచిపెట్టాలి, ప్రేమించాలి, తీర్మానించుకోవాలి, ఇలాంటివే వరసగా ఉన్నాయంటే నువ్వు సిలువను మళ్లీ ధర్మశాస్త్రం, అంటే ఆజ్ఞల జాబితా, చేసేశావన్నమాట. వచ్చినవాడు బరువు దించుకోవడానికి వచ్చి, ఇంకో మూట ఎత్తుకుని పోతాడు. చివరి భాగంలో కర్త ఎక్కువగా ఆయనే కావాలి: మోశాడు, క్షమించాడు, ముగించాడు, ఇచ్చాడు. ప్రభురాత్రి భోజనంలో రొట్టె ఇస్తూ పాస్టరు అయ్యగారు “మీ కొరకు” అంటారు కదా, ఆ రెండు మాటలు ప్రతి ధ్యానంలో ఏదో ఒక రూపంలో వినబడాలి. పాపాన్ని చూపించే భాగం మొదటి సగంలో అయిపోవాలి. సువార్తను ఆఖరి రెండు వాక్యాల్లో కుక్కితే ఎవరికీ అందదు. నీ రెండో ధ్యానం దెబ్బతిన్నది అక్కడే. దొంగ పాపాలకు పేజీన్నర ఇచ్చి, పరదైసుకు ఒక్క వరుస ఇచ్చావు.

లేఖన వచనాన్ని పాత బైబిలు భాషలోనే ఉంచు. నీ వాక్యాలు మాత్రం నువ్వు ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయి. “చేయుచున్నాడు”, “చేస్తున్నాడు” ఒకే వాక్యంలో కలిస్తే చదివేవాడి నాలుక తడబడుతుంది.

పన్నెండు నుంచి మూడు వరకు అంటే నూట ఎనభై నిమిషాలు. ఒక్కో మాటకు పాతిక నిమిషాలు వేసుకో: వాక్యపఠనానికి రెండు, ధ్యానానికి పది పన్నెండు, మౌనానికి రెండు, ప్రార్థనకు మూడు, కీర్తనకు ఐదారు. ఏడింటికీ కలిపి నూట డెబ్బైఐదు. మిగిలే ఐదు నిమిషాలు ప్రారంభానికే చాలవు కాబట్టి ప్రకటనలు పెట్టవద్దని అయ్యగారిని ముందే అడుగు. నెమ్మదిగా, అందరికీ వినబడేలా చదివితే తెలుగు నిమిషానికి ఎనభై తొంభై మాటలకు మించదు. అంటే ఒక ధ్యానం తొమ్మిది వందల మాటలు దాటకూడదు. నీవి కొన్ని పదిహేను వందలున్నాయి. ఏడుగురు చదివే చోట ఎప్పుడూ జరిగే నష్టం ఒకటుంది. మొదటివాడు ముందు రాత్రి ప్రభువు ప్రార్థించిన గెత్సేమనే తోట నుంచి ఎత్తుకుని అరగంట తీసుకుంటాడు, ఆరోవాడికి ఐదు నిమిషాలు మిగులుతాయి. “సమాప్తమైనది” అన్న మాటను గబగబా చదవాల్సి రావడం ఎంత అన్యాయమో ఆలోచించు. ఒక్కో కాగితం మీదా సమయం రాసి ఇవ్వు. అక్షరాలు పెద్దవిగా వేయించు. వాక్యం సగంలో పేజీ తిరగకుండా చూసుకో, కరెంటు పోయినా చదవగలగాలి.

ఆరాధన క్రమంలో నీ రాత ఎక్కడ కూర్చుంటుందో తెలుసుకో. గురువారం రాత్రి ప్రభురాత్రి భోజనం తర్వాత బలిపీఠం మీద గుడ్డలు, కొవ్వొత్తులు, పాత్రలు తీసేసేటప్పుడు చాలా లూథరన్ సంఘాల్లో 22వ కీర్తన చదువుతారు. మీ దగ్గరా చదివితే, వాళ్లు దాన్ని ముందు రాత్రే విన్నారన్నది నాలుగో మాట రాసేటప్పుడు గుర్తుంచుకో. శుక్రవారం బలిపీఠం బోసిగా ఉంటుంది, పూలు ఉండవు. శ్రమల దినాలు మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టరు దాకా మన క్రమంలో హల్లెలూయ పలకం, కానీ నీ ధ్యానాలు మూడు ఆ మాటతోనే ముగిశాయి. అలవాటులో పడి ఉంటుంది, తీసెయ్. ఏడో మాటలో పునరుత్థానం కూడా తేవద్దు. దానికి ఆదివారం ఉంది. “తండ్రీ, నీ చేతికి” అని ఆయన తనను అప్పగించుకున్న చోట నువ్వూ కలం ఆపు.

మౌనం గురించి ఒక జాగ్రత్త. 1865లో సూళ్లూరుపేటలో జర్మనీ హెర్మన్స్‌బర్గ్ మిషనరీలు మొదలుపెట్టిన పని నుంచి ఈ దక్షిణపు తాలూకాల్లో లూథరన్ ఆరాధన పెరిగింది. నెల్లూరు, ఒంగోలు పట్నాల్లో ఎక్కువగా పనిచేసింది అమెరికన్ బాప్టిస్టులు. పెళ్లిసంబంధాలు ఇటూ అటూ కలిసిపోయాయి గనక శుక్రవారం నీ ముందు కూర్చునే వాళ్లలో ఈ క్రమం తెలియనివాళ్లు చాలామంది ఉంటారు. ఏమీ చెప్పకుండా రెండు నిమిషాలు ఆగితే మైకు పోయిందనుకుని ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు. అచ్చువేసే కాగితంలో “ఇక్కడ రెండు నిమిషాలు మౌనం” అని స్పష్టంగా వేయించు. చివర ఆశీర్వచనం లేకుండా మౌనంగా వెళ్లిపోవడం మీ సంఘంలో వాడుక అయితే అదీ వేయించు.

ముందు నాలుగో మాట ఒక్కటే తిరగరాసి పంపు, తొమ్మిది వందల మాటల్లో. అది కుదిరితే తక్కినవాటికి కొలత దొరికినట్టే. రాశాక గొంతెత్తి చదివి, గడియారం చూసుకుని, ఎన్ని నిమిషాలు పట్టిందో పైన రాసి మరీ పంపు.

ప్రభువునందు,
మీ అన్న