రెండో ఓనరు ఎవరో ముందు తేల్చుకో

చెన్నై

చి. అమ్ములుకి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ ఆఫీసు మొత్తానికి పాస్‌వర్డ్ మేనేజర్, అదే అందరి పాస్‌వర్డులూ భద్రంగా దాచిపెట్టే సాఫ్ట్‌వేర్, దాని ప్లాన్ ఎంచే పని నీకప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం పట్టలేక పక్కింటావిడకి కూడా చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. బెంగళూరులో చేరి ఏడాదైనా కాలేదు, అప్పుడే అంతమంది తాళాలు నీ చేతికొచ్చాయి. తెలివైనదానివే, నాకు తెలుసు. కానీ ధర చూడగానే మనసు అటే పోతుంది నీకు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ఇళ్ళకోసం అమ్మే ఫ్యామిలీ ప్లాన్ ఆఫీసుకి పనికిరాదు. మనిషి మానేసిన రోజున అతని ఖాతాలోవి వెనక్కి తీసుకునే దారి సాధారణంగా ఉండదు. కొనేముందు ట్రయల్ తీసుకుని, కంప్యూటరంటే బెదిరే మనిషి చేత వాడించి చూడు. డేటా మన దేశంలోనే ఉండాలని మీవాళ్ళు పట్టుబడితే, మా చెన్నై జోహో కంపెనీ అమ్మే పాస్‌వర్డ్ మేనేజర్ జోహో వాల్ట్ కూడా చూడు. వాళ్ళకి ఇక్కడా, ముంబైలోనూ డేటా సెంటర్లున్నాయి.

ఇక అసలు సంగతి. అంబత్తూరు ఎస్టేట్‌లో నేను పనిచేసిన కంపెనీలో ఒక క్యాషియర్ గారుండేవారు. పైసా తేడా రానిచ్చేవారు కాదు. బ్యాంకు, పీఎఫ్, టీడీఎస్, 2017లో వచ్చిన జీఎస్టీ, అన్నిటి పాస్‌వర్డులూ ఆయన దగ్గరే. ఓటీపీలు కూడా ఆయన సొంత ఫోనుకే వచ్చేవి. అదే భద్రమని యాజమాన్యం అనుకుంది. ఒక నెల, ఇరవయ్యో తారీఖు రిటర్ను ఇంకా వెయ్యనేలేదు, ఆయనకి పక్షవాతం వచ్చింది.

ఆసుపత్రికి నన్ను పంపారు. ఐసీయూ బయట బెంచీ మీద ఆయన భార్య కూర్చునుంది, ఒళ్ళో తెరవని టిఫిన్ క్యారియర్. అలాంటి వేళ వెళ్ళి "అమ్మా, సారు డైరీ ఉందా" అని అడగాల్సి వచ్చింది. ఆమె మారుమాట లేకుండా సంచీలోంచి తీసిచ్చింది. జీఎస్టీ పేజీలో ముత్యాల్లాంటి అక్షరాలతో "పాతదే, చివర 7" అని ఉంది. బ్యాంకు పేజీలో "పాతదే, మొదటి అక్షరం పెద్దది". ఆ పాతదేమిటో డైరీ అంతా వెతికినా లేదు. మావాళ్ళు ఊహించి కొట్టీ కొట్టీ నెట్ బ్యాంకింగ్ లాక్ చేసుకున్నారు. ఫోను ప్యాటర్ను ఆమెకీ తెలీదు. జీఎస్టీలో నంబరు మార్పించడానికి కాగితాలు పట్టుకుని మా పరిధి అధికారి చుట్టూ తిరిగాం. ఆలస్య రుసుము రోజుకి యాభై రూపాయలు, దానికేముంది. జీతాలు ఆగిపోయాయి. ఆ జీతం మీదే ఇంటద్దె కట్టుకునేవాళ్ళు గేటు దగ్గర నిలబడి ఆయన్ని తిట్టుకున్నారు. మంచం మీదున్న మనిషిని! తప్పు ఆయనది కాదమ్మా, అన్నీ ఒక్కరి మీద వదిలేసిన కంపెనీది.

అందుకని ఏ ప్లాన్ చూసినా, మాస్టర్ పాస్‌వర్డ్, అంటే మిగతావన్నీ తెరిచే ఆ ఒక్క పాస్‌వర్డ్, మర్చిపోయినవాళ్ళ ఖాతాని ఎవరు తెరవగలరో ముందు అడుగు. దాన్ని తెరవడం అమ్మిన కంపెనీ వల్ల కూడా కాదు, దాని కట్టడమే అంత. బిట్‌వార్డెన్ అనే మేనేజర్‌లో అయితే ఖాతా రికవరీ, అంటే అలా మళ్ళీ తెరిపించే వీలు, ఎంటర్‌ప్రైజ్ ప్లాన్‌లోనే ఉంది, దాని కింది టీమ్స్ ప్లాన్‌లో లేదు. అదైనా, మనిషి ముందే అందులో నమోదై ఉంటేనే పనిచేస్తుంది. కాబట్టి ఎవర్నీ చేర్చకముందే, చేరినవాళ్ళంతా అందులో నమోదయ్యేలా ఆ రికవరీ నియమం ఆన్ చెయ్యి. వన్‌పాస్‌వర్డ్ అనే ఇంకో మేనేజర్‌లో టీమ్ ప్లాన్‌కీ రికవరీ ఉంది, కానీ ఆ అధికారం కనీసం ఇద్దరికివ్వాలి. ఓనరు, అంటే ఆఫీసు ఖాతా మీద పూర్తి అధికారమున్న మనిషి, ఒక్కరే అయి, ఆ ఒక్కరికీ ఏదైనా అయితే మళ్ళీ మా కథే.

మాస్టర్ పాస్‌వర్డ్ ఎంత పొడుగుండాలో, పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు కూడా అడిగే రెండంచెల లాగిన్ తప్పనిసరో కాదో ఆఫీసే నిర్ణయించే వీలుండాలి. 2022లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ కంపెనీ నుంచి కస్టమర్ల వాల్ట్‌ల, అంటే పాస్‌వర్డులు దాచిన పెట్టెల, బ్యాకప్‌లే దొంగలెత్తుకుపోయారు. లోపలి పాస్‌వర్డులు ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే చదవలేని సంకేతంలోనే ఉన్నాయి, కానీ మాస్టర్ పాస్‌వర్డ్ నాసిగా ఉన్నవాళ్ళకి అదెంత అడ్డు? బిట్‌వార్డెన్‌లో ఈ నియమాలు కూడా ఎంటర్‌ప్రైజ్‌లోనే వస్తాయి. మీ మేనేజరు ధర దగ్గర బేరమాడితే ఇది చెప్పు.

ఒక్కటి మాత్రం ఏ ప్లానూ తీర్చదు. ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీ ఎవరి ఫోనుకి పోతోందో చూడు. ఆఫీసు పేరున ఒక సిమ్ తీయించి, నంబర్లన్నీ దానికి మార్పించు.

నా భయమేమిటో దాచను. అన్నీ నీకే తెలుసని నీకే వదిలేస్తారు, నువ్వు కూడా మురిసిపోయి మోస్తావు. రేపు నీకు జ్వరమొస్తే, తమ్ముడి పెళ్ళికి సెలవు పెడితే, పీటల పక్కన కూడా లాప్‌టాప్ పట్టుకునే కూర్చుంటావు. అలా వద్దు తల్లీ. డబ్బు కట్టేముందే నీతో సమానంగా ఇంకో ఓనరుని పెట్టించు. ఆ మనిషి ఒకసారి నువ్వు పక్కన లేకుండా ఖాతా రికవరీ చేసి చూపించాలి.

ఆదివారం ఫోన్ చెయ్యి. ప్లాన్ పేరు తర్వాత చెబుదువుగాని, ఆ రెండో మనిషి ఎవరో చెప్పు ముందు.

పెద్దమ్మ