పిల్లలకు చెప్పే పురాణ కథల్లో నెత్తురు తీసేయాలా?

మీ అయిదేళ్ల బాబుకు నరసింహస్వామి కథ చెబుతూ పేగుల దగ్గర ఆగిపోయానని రాశారు. ఆ ముక్క చెప్పేయండి, ఏం కాదు.

మాది చిత్తూరు పక్క పల్లె. మా ధర్మరాజుల గుడి తిరునాళ్లలో 18 రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివర్న దుర్యోధన వధ, సాయంత్రానికి నిప్పుల మీద నడిచే అగ్నిగుండం. వధ కోసం మైదానంలో బంకమట్టితో దుర్యోధనుణ్ణి వెల్లకిలా చేసి పెడతారు. మీసమే మనిషంత పొడుగు! పోయినేడు మా ఆరేళ్ల పాప ముందురోజే పోయి వాడి కాలివేలికి తనూ గుప్పెడు మట్టి మెత్తి వచ్చింది. భీముడి వేషగాడు తొడ మీద గద వేసినప్పుడు, ద్రౌపది ఆ ఎర్రనీళ్లు జుట్టుకు రాసుకున్నప్పుడు, నా భుజాల మీద కూర్చుని నా జుట్టు గట్టిగా పట్టుకుంది, అంతే. ‘‘రేపు మళ్లా లేస్తాడా?’’ అనడిగింది. ‘‘మట్టే కదమ్మా, వానొస్తే కరిగిపోతాడు’’ అంది వాళ్లవ్వ. రాత్రి హాయిగా నిద్రపోయింది.

నన్ను భయపెట్టింది శ్రీకాళహస్తి. కన్నప్ప కొండ ఎక్కుతూ తిన్నడి కథ, అదే కన్నప్ప కథ, చెప్పాను. నెత్తురు మాటే ఎత్తలేదు. శివుడికి కన్ను ఇచ్చాడు, రెండోది ఇవ్వడానికి గుర్తుగా చెప్పుకాలు పెట్టాడు, అంతే చెప్పాను. ఆ రాత్రి కనురెప్ప మీద వేలు పెట్టుకుని, ‘‘నాయనా, నేను కన్నిస్తే అవ్వ మోకాలినొప్పి తగ్గుతాదా?’’ అంది. కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.

దుష్టుణ్ణి చంపే కథలో పిల్లలు భీముడి పక్కన నిలబడతారు. అర్పించే కథలో అర్పించేవాడి చోట్లో నిలబడతారు. ఇప్పుడు కన్నప్ప కథను శివుడు చెయ్యి పట్టుకుని ఆపిన దగ్గరే మొదలుపెడుతున్నా. సిరియాళుడి కథ మాత్రం ఇప్పట్లో చెప్పను. జంగమయ్య వేషంలో వచ్చిన శివుడు అడిగాడని తల్లిదండ్రులే కొడుకును కోసి వండటం! పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో చెప్పిందే అనుకోండి, పదిహేనేళ్లొచ్చాక తనే చదువుకుంటుంది.

మీరు నెమ్మదించాల్సింది పేగుల దగ్గర కాదు, అంతకు ముందు. కన్నతండ్రే ప్రహ్లాదుణ్ణి ఏనుగులతో తొక్కించి, కొండ మీంచి తోయించి, విషం పెట్టించే చోట. మా పాప సరిగ్గా అక్కడే నన్నాపి, ‘‘అప్పుడు వాళ్లమ్మ యాడుండాది?’’ అంది. దానికి నేనింకా జవాబు చెప్పలేదు.