కుక్కకు అసూయా కాదు, పిల్లికూనకు దడుపూ కాదు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. ధాన్యం కొట్టులో ఎలుకలు, పందికొక్కులు ఎక్కువయ్యాయని గడ్డివాములో దొరికిన పిల్లికూనను పది రోజుల క్రితం ఇంటికి తెచ్చాం. రెండు నెలలది. కాటాలో పెడితే 400 గ్రాములు తూగింది, నీలికళ్లు. ఇంట్లో నాలుగేళ్ల నాటు కుక్క ఉంది, మగది, 18 కిలోలు ఉంటుంది. పందికొక్కులను పట్టి చంపడంలో దిట్ట. కూనను చూస్తే కదలకుండా నిలబడి తోక ఊపుతుంది, అంతలోనే మీదికి దూకబోతుంది. రెండుసార్లు కర్రతో కొట్టాను. ఇప్పుడు గొలుసు వేసి ఉంచాం. దానికి అసూయ అంటున్నారు, నిజమేనా? కూన గేదెపాలు తాగుతోంది గానీ పల్చగా విరేచనాలవుతున్నాయి. ఒంటి మీద పేలలాంటివి కనబడితే మందుల షాపతను గేదెల పిడుదుల మందు (10 శాతం సైపర్‌మెత్రిన్) ఇచ్చాడు. లీటరు నీళ్లకు 5 మి.లీ. కలిపి కుక్కకూ కూనకూ ఒళ్లంతా పట్టించాం. ఆ సాయంత్రం నుంచి కూన రెండు రోజులు వణికింది, చొంగ కార్చింది. కుక్కను చూసి దడుచుకుందని తాయెత్తు కట్టించాం, తేరుకుంది. పేలు మాత్రం పోలేదు. మళ్లీ పట్టమంటున్నాడు, పట్టవచ్చా? కుక్కతో కూనను కలిపేదెలా? మొన్న పట్టుకోబోతే మా అమ్మాయి చేతి మీద రక్కింది, పెద్ద గాయం కాదు.
– ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: మందు మళ్లీ పట్టవద్దు. ఒక్క చుక్క కూడా వద్దు. మీరు చివర్లో మాటవరసకు రాసిన సంగతులే ఈ ఉత్తరంలో అసలువి. కుక్క సంగతి వాటి తర్వాత.

ముందు అమ్మాయి చెయ్యి. రక్కిన చోటును సబ్బు, ధార నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. అప్పుడు కడగకపోతే ఇప్పుడైనా కడగండి. పసుపు, సున్నం, కారం పెట్టవద్దు, కట్టు కట్టవద్దు. ఈరోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. రేబిస్ టీకా అక్కడ ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. గీతలో రక్తం చుక్క కనిపించి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి, టీకాతో పాటు గాయం చుట్టూ రేబిస్ విరుగుడు సీరం కూడా ఇవ్వాలి. తల్లి ఎవరో తెలియని, టీకా లేని కూన, పైగా చొంగ కార్చి వణికింది. రెండో రోజుకు తేరుకుంది కాబట్టి రేబిస్ కాదనే నా అంచనా. అలాగని అంచనాల మీద పిల్ల ప్రాణం పెట్టలేం. రక్కిన రోజు నుంచి 10 రోజులు కూనను కళ్లముందే ఉంచండి. ఈలోగా అది చచ్చిపోయినా, కనబడకుండా పోయినా ఆ సంగతీ డాక్టరుకు చెప్పాలి.

ఇక వణుకు. అది దడుపు కాదు, విషం. సైపర్‌మెత్రిన్, పెర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందులను గేదె, కుక్క కాలేయాలు విరగ్గొట్టి బయటకు పంపినంత తేలిగ్గా పిల్లి కాలేయం పంపలేదు. ఒంటికి పూసింది నాకి మింగుతుంది, అది నరాలకెక్కుతుంది. చెవులు అదరడం, చొంగ, వణుకు, చివరికి ఫిట్స్. కొన్ని గంటల్లో మొదలవుతుంది, ఒక్కోసారి మూడో రోజు దాకా ఆలస్యమవుతుంది. మీ కూన బతకడం తాయెత్తు మహిమ కాదు, మందు ఒంట్లోకి తక్కువ వెళ్లడం వల్ల. పేలు పోలేదని రెండోసారి పడితే మూడోసారి అవసరం రాదు.

ఆ సీసా మీద గేదెలకు రాసే మోతాదే లీటరుకు 1 మి.లీ. మీరు కలిపింది 5. ఎక్కువ కలిపితే పిడుదులు ఎక్కువ చస్తాయని దుకాణాల్లో చెప్పే లెక్కకు శాస్త్రం లేదు. గేదెకు ఒళ్లు మండుతుంది, పట్టినవాడి కళ్లు మండుతాయి. ఏ జంతువుకు, ఎంత బరువుకు అని అడగకుండా సీసా చేతిలో పెట్టేవాడు మందులు అమ్మేవాడే గానీ వైద్యుడు కాదు. ఇదే షాపులో రేపు జ్వరమని పారాసెటమాల్ ఇస్తారు. పిల్లులకు అది విషం. ఇంత కూన చావడానికి 500 మి.గ్రా. బిళ్లలో చిన్న పెచ్చు చాలు. కుక్కల పిడుదులకు వాడే అమిట్రాజ్ కూడా పిల్లికూనలకు పనికిరాదు.

ఇంకెప్పుడైనా పొరపాటున ఇలాంటి మందు పడితే వెంటనే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే ద్రవం సబ్బుతో రెండుసార్లు కడిగి, పొడిగా తుడిచి, గుడ్డలో చుట్టి పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. వేడినీళ్లు పోస్తే మందు చర్మంలోకి ఇంకా దిగుతుంది. చన్నీళ్లు పోస్తే ఒళ్లు చల్లబడి వణుకు పెరుగుతుంది. పాలు, నూనె తాగించవద్దు, వాంతి చేయించవద్దు. కుక్కకు మందు పట్టినా కూనను కనీసం మూడు రోజులు దాని దగ్గరికి, అది పడుకునే గోనె మీదికి రానివ్వకూడదు. అందుకే రెండూ ఉన్న ఇంట్లో కుక్కకు పైపూత మానేసి, తినిపించే పిడుదుల బిళ్ల (ఫ్లూరలానర్ గానీ, అఫాక్సొలానర్ గానీ) బరువును బట్టి డాక్టరు చేత రాయించుకోవడం మేలు.

పేలను (మనుషుల తలపేలు కావు, దూకే పేలు, ఇంగ్లిషులో ఫ్లీ) ప్రస్తుతానికి పేల దువ్వెనతో తీయండి. రోజుకు రెండుసార్లు మెడ, తోక మొదలు, పొట్ట దువ్వి, దువ్వెనను సబ్బు నీళ్లలో ముంచాలి. దువ్వెనకు వచ్చిన నల్లటి రవ్వలను తడి తెల్లకాగితం మీద వేసి చూడండి. చుట్టూ ఎర్రగా ఊరితే అది పేలు తాగిన రక్తం. పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి, గులాబీ రంగులో ఉండాలి. సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంటే రక్తం బాగా పోయిందన్నమాట, ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. గుడ్లు, పిల్లపురుగులు పక్కలోనే ఉంటాయి కాబట్టి గోనెలు కాల్చేయండి, గుడ్డలు ఉడకబెట్టి ఎండబెట్టండి. 8 వారాలు నిండాక సెలమెక్టిన్ అనే పేల మందు 15 మి.గ్రా. గొట్టం (2.5 కిలోల లోపు పిల్లులకు తయారైనది) మెడ వెనక వెంట్రుకలు పాయ తీసి వేయించవచ్చు. కుక్క గొట్టంలోంచి సగం పిండి వేయకండి.

మీ కూన రెండు నెలలది కాదు. పిల్లికూన నెలకు సుమారు 450 గ్రాముల చొప్పున పెరుగుతుంది. 400 గ్రాములు, నీలికళ్లు అంటే నెలదో, అయిదు వారాలదో. 8 వారాల దాకా తల్లి దగ్గర ఉండాల్సింది. తెచ్చేశారు కాబట్టి ఆ తల్లి పని మీరే చేయాలి. గేదెపాలు ఆపండి. దాని కొవ్వు, పాలచక్కెర ఈ కడుపుకు అరగవు, విరేచనాలు అందుకే. పిల్లికూనల పాలపొడి దొరికితే అది, లేదా పిల్లికూనల గుళికలు గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి మెత్తగా చిదిపి రోజుకు అయిదారుసార్లు పెట్టండి. మధ్యలో ఉప్పు, కారం, ఉల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం ఎముక తీసి మెదిపి పెట్టవచ్చు. కుక్క గుళికలు వద్దు. పిల్లికి టారిన్ అనే పోషకం కావాలి, వాటిలో సరిపడా ఉండదు. నెలల తరబడి అవే తింటే కళ్లూ గుండే దెబ్బతింటాయి. పెరుగన్నం మీద కూడా పిల్లి బతకదు. రోజూ ఒకే వేళకు వంటింటి కాటాలో తూచి రాయండి. రోజుకు 10 గ్రాములైనా పెరగాలి. రెండు రోజులు కాటా కదలకపోయినా, విరేచనాలు మర్నాటికి తగ్గకపోయినా డాక్టరుకు చూపించాలి.

ఏలికపాములకు పైరాంటెల్, కిలో బరువుకు 10 మి.గ్రా. మీ కూనకు వచ్చేది 4 మి.గ్రా. మనుషుల సిరప్‌లో 5 మి.లీ.కి 250 మి.గ్రా. ఉంటుంది, అంటే దీనికి ఒక మి.లీ.లో పదో వంతు కూడా అక్కర్లేదు. చెంచాతో కొలిచే పని కాదు, డాక్టరు చేతే పోయించండి. 8 వారాల దాకా రెండు వారాలకోసారి, ఆపైన ఆరు నెలల వయసు దాకా నెలకోసారి. టీకాలు: 8 వారాలకు మూడు జబ్బుల టీకా మొదటి మోతాదు, తర్వాత 3–4 వారాలకోసారి 16 వారాలు నిండేదాకా. రేబిస్ మూడు నెలలు నిండాక, ఆపైన ఏటా. కుక్కకు టీకా వేయించిన సంగతి మీరు రాయలేదు. రాయలేదంటే వేయించలేదనే లెక్క. జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు, కానీ అప్పటిదాకా ఆగకండి, ఈ వారంలోనే వేయించండి.

ఇప్పుడు కుక్క. అసూయ మాట వదిలేయండి. పందికొక్కులను చంపుతుందని మీరు మెచ్చుకున్న గుణమే ఇది. ఒళ్లు బిగబట్టి, నోరు మూసి, చూపు గుచ్చి నిలబడడం వేట చూపు. తోక ఊపినంత మాత్రాన స్నేహం కాదు. ఒళ్లంతా వదులుగా ఊగుతూ తోక ఊపడం వేరు, ఒళ్లు కర్రలా ఉండి తోక చివర మాత్రమే ఆడడం వేరు. అరకిలో కూనను ఒక్కసారి నోట పట్టి విదిలిస్తే చాలు. మీరు కర్రతో కొట్టిన రెండుసార్లూ అది నేర్చుకున్నది ఒకటే: ఈ కూన కనబడితే దెబ్బలు పడతాయి. గొలుసున కట్టి ఎదురుగా కూనను తిప్పితే ఆ కసి ఇంకా పెరుగుతుంది.

కూనను తలుపున్న గదిలోకి మార్చండి. వారం రోజులు కుక్క దాన్ని చూడనే కూడదు. గదిలో అట్టపెట్టె, నీళ్లు, మూలన మూడంగుళాల మందం ఇసుక పోసిన తట్ట, మనిషి ఛాతీ ఎత్తులో పడుకోవడానికి ఒక బల్ల, దాని మీదికి ఎక్కడానికి మెట్లలా రెండు పెట్టెలు. ఇసుక తట్ట కుక్కకు అందకూడదు. పిల్లి పెంట కుక్కకు ఇష్టం, పురుగులు అలాగే అంటుకుంటాయి. పొడిగుడ్డతో కూన బుగ్గలు తుడిచి, ఆ గుడ్డ మీద కుక్క అన్నం గిన్నె పెట్టండి. కుక్క మెడ తుడిచిన గుడ్డ కూన గదిలో వేయండి, కానీ పిడుదుల మందు పూసిన మూడు రోజుల్లోపు ఆ పని చేయకండి. నాలుగో రోజు నుంచి మూసిన తలుపుకు ఇటొకటి అటొకటి తినాలి. గిన్నెలు మొదట తలుపుకు రెండు గజాల దూరంలో పెట్టి, పూటకో జానెడు దగ్గరికి జరపండి. కుక్క తిండి మాని తలుపు వాసన చూస్తూ నిలబడిందంటే తొందరపడ్డారని అర్థం, మళ్లీ వెనక్కి జరపండి.

రెండో వారం తలుపు తీసి, ద్వారబంధానికి కింది నుంచి పైదాకా కోళ్ల మెష్ బిగించండి. కుక్కను పొలం దాకా నడిపించి, తిండి పెట్టి, అలసిన తర్వాతే తీసుకురండి. రెండు గజాల తాడు చేతిలో వదులుగా ఉండాలి, బిగపట్టారంటే కుక్క కూడా బిగుసుకుంటుంది. శనగగింజంత ఉడికిన మాంసం ముక్కలు జేబులో ఉంచుకోండి. కూనను చూసి, మీరు పేరు పెట్టి పిలవగానే మీ వైపు తల తిప్పిన ప్రతిసారీ ఒక ముక్క. పిలిచినా రెండు మూడు క్షణాల్లో తిప్పలేదంటే అరవకండి, నాలుగడుగులు వెనక్కి నడిపించి మళ్లీ పిలవండి. అయిదు నిమిషాలు, రోజుకు మూడుసార్లు. కూన బుసకొట్టినా వీపు విల్లులా వంచినా తప్పు లేదు, దూరం చాలదని చెబుతోంది. వరసగా నాలుగైదు రోజులు కుక్క మెష్ ముందు పడుకుని ఆవలించే స్థితికి వచ్చాక, మూతికి చిక్కం, మెడకు తాడు వేసి అదే గదిలోకి తీసుకురండి. చిక్కం పెట్టుకుని నోరు తెరిచి వగర్చగలిగేలా బుట్టలాంటిది ఉండాలి. దాన్ని ముందే వారం రోజులు అలవాటు చేయాలి. కూనను చేతిలో ఎత్తుకుని కుక్కకు చూపించవద్దు. అది బెదిరి మీ ముఖం రక్కి దూకుతుంది, దూకి పరిగెత్తేదాన్ని ఏ కుక్కా వదలదు.

రెండూ ఒకచోట పడుకుంటున్నా సరే, కూనకు ఆరు నెలలు నిండేదాకా మనిషి లేకుండా వదలకండి. రాత్రి కూన గదిలో, తలుపు గడియపెట్టి. నెల రోజులు ఇదంతా చేసినా మెష్ ముందు అదే గుచ్చే చూపుంటే మీ కుక్క పిల్లితో ఉండలేదు. అలాంటివి ఉంటాయి. కూనను కుక్క లేని ఇంటికి ఇచ్చేయండి. కుదిరినా ఇంట్లో వరకే నమ్మండి. దొడ్లో చీకట్లో పరిగెత్తేది పందికొక్కో పిల్లో చూసుకుని ఆగే కుక్క కాదది.

కుక్క పట్టి ఎత్తితే పైకి గాయం కనబడకపోయినా లోపల పక్కటెముకలు విరిగి, ఊపిరితిత్తులు నలిగి ఉండవచ్చు. ఆయాసంగా నోటితో ఊపిరి తీస్తుంటే గంటలు లెక్కపెట్టుకోకుండా బయల్దేరండి.

ఎలుకల మాట. ఈ కూన ఎలుకను పట్టాలంటే ఇంకా నాలుగైదు నెలలు. పెద్ద పందికొక్కు కిలో దాకా తూగుతుంది, దాన్ని చాలా పిల్లులు తాకవు. కొట్టులో బస్తాలను చెక్క బల్లల మీదికి ఎత్తి, గోడకు అడుగు దూరం ఉంచి, కన్నాలు గాజుపెంకులు, సిమెంటుతో పూడ్చి, బోనులు పెట్టండి. ఎలుకల మందు, అంటే బ్రోమాడియోలోన్ బిళ్లలు గానీ జింక్ ఫాస్ఫైడ్ నూకలు గానీ పెట్టి ఉంటే తీసేయండి. ఆ మందు తిన్న ఎలుకను తిన్నా పిల్లికీ కుక్కకూ ప్రమాదమే. బ్రోమాడియోలోన్ అయితే మూడు నాలుగు రోజుల తర్వాత లోపల రక్తం కారుతుంది, అప్పటికి మీకు బిళ్ల సంగతే గుర్తుండదు.

డాక్టరు దగ్గరికి కూనతో పాటు ఆ మందు సీసా కూడా పట్టుకెళ్లండి, మూత గట్టిగా బిగించి, వేరే సంచిలో. దాని మీద లేబుల్ లేకపోతే దుకాణానికి వెళ్లి బిల్లు అడగండి.