అడిగితే చెబుతాను: పన్నెండు గంటల నీడ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి. సైన్సును తెలుగులో, ఫోను తెర మీద, మామూలు మనిషికి ఎలా చెప్పాలి? ముప్పై మూడేళ్లు భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి, పదవీ విరమణ తరవాత నేనూ ఆ పనిలోనే పడ్డాను. కాబట్టి నన్ను అడగడం న్యాయమే.

ప్రశ్న: టీచర్ గారూ, నేను గాజువాకలో ఉంటాను. బీఎస్సీ రెండో సంవత్సరం. తెలుగులో సైన్సు బ్లాగు మొదలుపెట్టి కృష్ణబిలాల మీద నాలుగు వ్యాసాలు రాశాను. మా అన్నయ్య తప్ప ఎవరూ చదవలేదు. అన్నయ్య కూడా చివరిదాకా చదవలేదని నా అనుమానం. డాక్టరేటు లేనివాళ్లు రాస్తే జనం నమ్మరా?

జవాబు: అమ్మాయీ, దీనికీ డాక్టరేటుకూ సంబంధం లేదు. కృష్ణబిలాలతో మొదలుపెట్టడమే తొందరపాటు. వాటిని నువ్వు చూడలేదు, నేనూ చూడలేదు, మీ అన్నయ్యా చూడలేదు. ఎవరో చెప్పింది నమ్మడం తప్ప ముగ్గురికీ వేరే దారి లేదు. వాటి మీద రాసేవాళ్లు వేలమంది ఉన్నారు. మీ డాబా మీద పడే ఎండ గురించి రాయడానికి మాత్రం నువ్వొక్కదానివే ఉన్నావు.

నా సంగతి చెబుతాను. మూడేళ్ల కిందట మే నెలలో 'నీడ లేని రోజు' గురించి రాశాను. కర్కటరేఖకూ మకరరేఖకూ మధ్య ఉన్న ఊళ్లలో ఏడాదికి రెండు రోజులు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు ఆ క్షణాన నీడ ఉండదు. విశాఖపట్నం 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక మనకు అది మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరోసారి వస్తుంది. రెండోసారి ఆకాశం నిండా మబ్బులే, అందుకని మే నెలనే నమ్ముకోవాలి. ఇంతవరకు బాగానే రాశాను. చివర్లో 'మధ్యాహ్నం సరిగ్గా పన్నెండు గంటలకు చూడండి' అని ఒక వాక్యం విసిరాను. పన్నెండంటే నడిమధ్యాహ్నమే కదా అని ధీమా.

ఆ రోజు ఒంటిగంట కాకుండానే పక్కింటి ఏడో తరగతి కుర్రాడు గోడ దూకి వచ్చాడు. వేసవి సెలవులు. డాబా మీద మీటరు పొడుగు కర్టెను గొట్టాన్ని ఇటుకల మధ్య నిలబెట్టి, ఫోనులో సమయం చూసుకుంటూ కూర్చున్నాడట. "మామ్మగారూ, పన్నెండింటికి నీడ ఉంది. తూర్పు వైపు మూడు సెంటీమీటర్లు. అంతకు ఏడు నిమిషాల ముందయితే లేదు" అన్నాడు.

వాడు చెప్పిందే నిజం. దేశంలో గడియారాలన్నీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. ఆ రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది. మనం దానికి తూర్పున, 83.3 దగ్గర ఉన్నాం. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన మన సూర్యుడు మూడు నిమిషాలు ముందే నెత్తికెక్కుతాడు. భూమి కక్ష్య సరైన వృత్తం కాకపోవడం వల్ల, ఇరుసు ఒరిగి ఉండటం వల్ల మే నెలలో సూర్యుడు గడియారం కంటే ఇంకో మూడున్నర నిమిషాలు ముందుంటాడు. రెండూ కలిపితే కుర్రాడి ఏడు నిమిషాలు. ఇదంతా నేను ఏటా క్లాసులో బోర్డు మీద గీసి చెప్పిన పాఠమే. డాబా మాత్రం ఎన్నడూ ఎక్కలేదు.

గుట్టుగా దిద్దుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఒక పూట ఆ ఆలోచన కూడా చేశాను, దాచడమెందుకు. చివరికి తప్పు వాక్యాన్ని అలాగే ఉంచి, దాని మీద అడ్డగీత గీసి, కింద కుర్రాడి కొలతలు, ఆ కర్టెను గొట్టం ఫోటో పెట్టాను. నేను రాసినవాటన్నిటిలో ఎక్కువమంది చదివింది ఆ సవరణనే. మరుసటి మే నెలలో మధురవాడ, భీమిలి, అనకాపల్లి డాబాల మీద నుంచి కొలతలు వచ్చాయి. ఒకాయన ఆవకాయ జాడీని నిలబెట్టాడు. జాడీ నడుము దగ్గర లావు కాబట్టి నీడ ఎక్కడ మొదలవుతుందో తెలియక ఆయనా నేనూ చాలాసేపు వాదించుకున్నాం.

కృష్ణబిలాలను కొన్నాళ్లు వాటి మానాన వదిలెయ్. గాజువాక పక్కనే ఉక్కు కర్మాగారం ఉంది. ఇనుప ఖనిజాన్ని పట్టుకుని కూర్చున్న ఆక్సిజన్‌ను కోక్ బొగ్గు నుంచి పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ ఎలా ఊడదీస్తుందో రాయి. మీ వీధిలో ఆ కొలిమి వేడి ఎరిగినవాళ్లు ఉంటారు. ముందు వాళ్ల దగ్గర కూర్చుని విను, రాసింది వాళ్లకే చదివి వినిపించు. తప్పుంటే సాయంత్రానికల్లా దిద్దేస్తారు. పేరా రాసిన ప్రతిసారీ 'ఇది మనకు ఎలా తెలిసింది?' అని నిన్ను నువ్వు అడుగు. జవాబు దొరకని పేరాను కొట్టెయ్.

ప్రశ్న: మాది ఎంవీపీ కాలనీ. మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో నలభై ముగ్గురం ఉన్నాం. 'ఈ రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా వస్తాయి, ఫోన్లు ఆపేసి దూరంగా పెట్టండి' అన్న సందేశాన్ని మా మామగారు మూడోసారి పెట్టారు. ఆయన బ్యాంకు అధికారిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్. కాదని చెబితే పెద్దాయన చిన్నబుచ్చుకుంటారు. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

జవాబు: ఆ సందేశం నాకు పాత చుట్టమే. ఏళ్ల తరబడి తిరుగుతోంది. గంటలు మారవు, ఎప్పుడు వచ్చినా 'ఈ రాత్రే'.

మీకు తెలిసినదే అయినా మిగతా పాఠకుల కోసం చెబుతాను. కాస్మిక్ కిరణాలు నిజమే. 1912లో విక్టర్ హెస్ అనే ఆయన బెలూన్‌లో అయిదు కిలోమీటర్ల ఎత్తుకు పోయి కొలిచాడు. పైకి పోయేకొద్దీ రేడియేషన్ తగ్గుతుందనుకుంటే పెరిగింది. అంటే అది నేలలో నుంచి కాదు, ఆకాశం నుంచి వస్తోందని తేలింది. ఆ కిరణాలు గాలిపొరలను ఢీకొన్నప్పుడు మ్యూయాన్లు అనే కణాలు పుడతాయి. అరచేయి వెల్లకిలా చాపితే దాదాపు సెకనుకు ఒకటి చొప్పున దానిలోంచి దూసుకుపోతుంటాయి. పగలూ రాత్రీ, ఫోను ఉన్నా లేకున్నా.

అయితే ఈ మాట గ్రూపులో పెట్టకండి. నలభై ముగ్గురి ఎదుట కోడలు మామగారికి పాఠం చెబితే అక్కడ కిరణాల సంగతి ఎవరూ పట్టించుకోరు, కోడలి సంగతే మాట్లాడుకుంటారు. కాఫీ ఇచ్చేటప్పుడు "మామయ్యగారూ, ఇది మొదటిసారి ఎప్పుడు వచ్చిందో చూస్తారా?" అని అడగండి. వెతికే పని ఆయనకే వదిలెయ్యండి. ఒకే చెక్కు మూడు తేదీలతో కౌంటరు ముందుకు వస్తే ఆయన ఏం చేసేవారో ఇప్పుడూ అదే చేస్తారు.

ఫలితం వెంటనే రాకపోవచ్చు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం. పూర్తి నీడ హైదరాబాదు దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాల మీదుగా కోణార్క్ దాకా పోయింది. మనకు పాక్షికమే. నాకు పదహారేళ్లు. వీధిలో కుక్క కూడా లేదు. మా నాన్నగారు కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టేశారు. పడమటి కిటికీ దుప్పటికి చిన్న చిల్లు ఉంది. సాయంత్రం నాలుగు కావస్తుండగా ఆ చిల్లులోంచి ఎదుటి గోడ మీద నెలవంక ఆకారంలో వెలుగు పడింది. నాన్నగారికి చూపించాను. ఆయన దుప్పటి విప్పలేదు. కాసేపటికి వంటింటి కిటికీ దగ్గరకు పోయి, అక్కడి దుప్పటికి చిల్లు ఉందేమోనని వెతకడం మొదలుపెట్టారు.

ప్రశ్న: 'ఆమ్లజని' వంటి చక్కని మాట ఉండగా మీరు 'ఆక్సిజన్' అని రాస్తున్నారు. తెలుగులో సైన్సు రాస్తూ తెలుగు మాటలంటే చిన్నచూపెందుకు? (సీతమ్మధార నుంచి విశ్రాంత తెలుగు పండితులు)

జవాబు: మాస్టారూ, చిన్నచూపు కాదు. ఆమ్లాలన్నిటినీ పుట్టించేది ఈ వాయువేనని 18వ శతాబ్దంలో లవాయిజే పొరబడి ఆ పేరు పెట్టాడు. ఉప్పు నుంచి తీసే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది బొత్తిగా లేదని 1810లో హంఫ్రీ డేవీ చూపించాడు. గ్రీకు ధాతువుల చాటున ఉన్న ఆ పొరపాటు 'ఆక్సిజన్' అన్నప్పుడు మన పిల్లల చెవికి వినపడదు. 'ఆమ్లజని' అంటే వినపడుతుంది, పరీక్ష కాగితంలోకి కూడా వస్తుంది. పొరపాటును కూడా అంత నమ్మకంగా అనువదించుకున్నాం!

'కిరణజన్య సంయోగక్రియ'ను మాత్రం నేను వదలను. నోరు తిరగకపోయినా విప్పి చూస్తే అర్థం అందులోనే ఉంది. అన్నిటికంటే నాకు ఇష్టమైన మాట 'వాయుగుండం'. గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటితే అల్పపీడనం వాయుగుండమవుతుంది, 62కు చేరితే తుపాను. ఈ అంకెలు తెలియనివాళ్లకు కూడా ఆ మాటల వరస తెలుసు. జాలరిపేటలో ఎవరినైనా అడగండి, ఏది వింటే పడవ ఒడ్డుకు లాగాలో చెబుతారు.

ప్రశ్న: నేను సముద్రం మీద పరిశోధన చేస్తున్నాను. జనానికి అర్థమయ్యేలా రాయబోతే ప్రతి వాక్యానికీ 'అయితే', 'కానీ' తగిలించాలనిపిస్తుంది. తీసేస్తే నిజం పలచబడుతుందని భయం. ఎంతవరకు సులభం చేయవచ్చు?

జవాబు: మీ సముద్రంతోనే చూద్దాం. రామకృష్ణా బీచ్‌లో ఏ పిల్లవాడైనా నీళ్లు నీలంగా ఎందుకున్నాయని అడిగితే, ఆకాశం ప్రతిబింబమని పక్కనున్న పెద్దవాళ్లు చెబుతారు. సులభంగా ఉంది, సరిపోదు. 1921లో ఇంగ్లండ్ నుంచి ఓడలో తిరిగివస్తూ సి.వి. రామన్ ఒక నికోల్ పట్టకంలోంచి సముద్రాన్ని చూశాడు. నీటి ఉపరితలం మీద నుంచి వచ్చే ఆకాశపు మెరుపును అది ఆపేసింది. నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది. నీటి అణువులే కాంతిని వెదజల్లుతున్నాయని ఆయన వివరించాడు. నీరు ఎరుపును పీల్చుకోవడమే అసలు పెద్ద కారణమని ఈనాటి లెక్క. మీ 'కానీ' అక్కడ ఉంది. దాన్ని పక్కన పెట్టి పట్టకం కథ ఒక్కటే చెప్పినా పిల్లవాడికి అబద్ధం చెప్పినట్టు కాదు. 'ఆకాశం ప్రతిబింబం' అంటే చెప్పినట్టే.

ఒక పక్కమాట. రామన్ తండ్రి మన ఏవీఎన్ కళాశాలలో పాఠాలు చెప్పారు. రామన్ చిన్నతనంలో చూసిన సముద్రం ఇదే. ఆ కళాశాల పేరులో ఉన్న అంకితం వెంకట నరసింగరావు డాబాగార్డెన్స్‌లోని తమ వేధశాల నుంచి 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని గమనించినవారు. ఆ పేరుతో రోజూ బస్సు దిగేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి చెప్పాం?

ఇక పలచబడటం గురించి. నన్ను అంతకంటే ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్. అప్పుడు మేము చినవాల్తేరులో ఉన్నాం. హెచ్చరికలు వేళకే వచ్చాయి. తుపాను పేరు, గాలి వేగం, రేవులో ఎగరేసిన ప్రమాద సూచిక సంఖ్య మా వీధిలో అందరికీ నోటికి వచ్చు. మధ్యాహ్నం తుపాను కన్ను ఊరి మీదికి వచ్చింది. గాలి ఆగిపోయింది. అందరూ తలుపులు తీసుకుని బయటికి వచ్చారు. ఎదురింటి ఆయన విరిగిన కొబ్బరి మట్టలు ఏరి ఒక పక్కకు పేరుస్తున్నారు. "ఇంకా సగం ఉందండీ, లోపలికి పదండి" అని వరండాలోంచి అరిచాను. "ఆగిపోయింది కదండీ మేడమ్" అన్నారు. అంతా నమ్మకుండానే, నా కేకలు భరించలేక లోపలికి వెళ్లారు. తరవాత గాలి రెండో దిక్కు నుంచి వచ్చింది. ఆయన పేర్చిన మట్టలు మా గేటును తన్నాయి.

వాళ్లకు తెలిసిన అంకెల్లో ఒక్కటీ తప్పు కాదు. నడుమ గాలి ఆగుతుందని, ఆగినప్పుడే గడప దాటకూడదని మాత్రం తెలియదు. ముందురోజు సాయంత్రం నేను నాలుగిళ్లు తిరిగి చెప్పి ఉండవచ్చు. పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. కాబట్టి రాయబోయే ముందు 'ఎంత తగ్గించాలి' అన్న లెక్కను కాసేపు పక్కన పెట్టండి. చదివే మనిషి రేపు పొద్దున ఏం చేయబోతున్నాడో ఊహించండి. అతను వల వేయబోతున్నాడా, పిల్లను ఈతకు తీసుకుపోతున్నాడా? అతనికి అక్కరలేని 'కానీ'లు వాటంతట అవే రాలిపోతాయి. అక్కరకొచ్చే ఒక్క 'కానీ'ని మొదటి వాక్యంలోనే పెట్టండి.

ప్రశ్న: రోజుకు ఎన్ని పోస్టులు పెట్టాలి? లైకులు పెరగాలంటే ఏం చేయాలి?

జవాబు: వారానికి ఒకటి చాలు. లైకుల సంగతి మా మనవరాలిని అడగండి.

సవరణ: ఇసుక వేడి ఎక్కువైతే ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్ల నుంచి మగపిల్లలు ఎక్కువగా పుడతాయని గత నెల ఈ పేజీలో రాశాను. తలకిందులుగా రాశాను. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ, తగ్గితే మగపిల్లలు ఎక్కువ. మన తీరంలో గుడ్లు కాపాడే పనిలో ఉన్న ఒక పాఠకుడు ఇసుకలో గుచ్చిన థర్మామీటరు ఫోటోతో సహా ఉత్తరం పంపారు. ఫోటో పక్క పేజీలో ఉంది.