12 చదరపు మీటర్ల గదిలో 27 అంగుళాల మానిటరా?

తమ్ముడూ, జర్మనీలోని మాగ్డెబుర్గ్‌లో నీ గది 12 చదరపు మీటర్లని, బల్ల 73 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల లోతు అని కొలిచి మరీ రాశావు. సంతోషం. 2011లో నేను అదే ఊళ్లో దిగినప్పుడు టేపు పట్టుకోవాలన్న ఆలోచనే నాకు రాలేదు. 27 అంగుళాలది కొననా అని అడిగావు. వద్దు. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే నా అనుభవం కొంత వినాలి.

వచ్చిన మూడో వారం. యూనివర్సిటీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. వాడిన 27 అంగుళాల మానిటర్, 140 యూరోలు. కొత్తదానిలో సగం ధర అనుకుని ఎగిరి గంతేశాను. పెట్టె లేదు, దుప్పట్లో చుట్టి ట్రాములో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. గదిలో బల్ల మీద నిలబెట్టాక తెలిసింది సంగతి. దాని కాళ్లే జానెడు లోతు తినేశాయి. కూర్చుంటే తెర నా ముఖానికి మూరెడు దూరంలో ఉంది. ఎడమ చివర చదవాలంటే తల అటు, కుడి చివర చదవాలంటే తల ఇటు. కీబోర్డుకు చోటు లేక ఒళ్లో పెట్టుకున్నాను. నోటు పుస్తకం మంచం మీద, అన్నం కంచం కూడా మంచం మీదే. పైగా అంత పెద్ద తెరలోనూ ఉన్నవి 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలే (పిక్సెళ్లు). అంగుళానికి 82 చుక్కలన్నమాట. అంత దగ్గర నుంచి చూస్తే అక్షరాల అంచులు రంపపు పళ్లలా కనిపించేవి. రెండో వారానికే మెడ పట్టేసింది.

నాలుగు నెలలు భరించి 80 యూరోలకు అమ్మేశాను. పోయినవి 60 యూరోలు. అప్పటి లెక్కలో 4,000 రూపాయలు, మా చెల్లెలి కాలేజీ బస్సుకు ఆరు నెలలు కట్టే డబ్బు. ఆ రాత్రి ఇంటికి ఫోను చేసి కూడా ఆ మాట చెప్పలేకపోయాను. నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి నన్ను పంపించారు మరి.

నీకు బ్లాక్డ్ ఖాతా (వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలకు కొంత చొప్పునే తీసుకోనిచ్చే బ్యాంకు ఖాతా) నుంచి నెలకు 992 యూరోలే చేతికి వస్తాయి. అందులో అద్దె, ఆరోగ్య బీమా, ఫోను పోతే మిగిలేది ఎంతో నీకే తెలుసు. రూపాయల్లోకి మార్చి చూసుకోవడం మానెయ్యమని ఇక్కడ చాలామంది చెబుతారు. మొదటి జీతం వచ్చేదాకా మానకు. యూరోను సుమారుగా 100 రూపాయలనుకుంటే లెక్క నోటితోనే తేలుతుంది.

నీ బల్లకు 24 అంగుళాలే హద్దు. అంగుళాలు మూల నుంచి మూలకు కొలిచేవి, దాని వెడల్పు 54 సెంటీమీటర్లు ఉంటుంది. అదే 1920, 1080 చుక్కలు ఇందులో అంగుళానికి 92 చొప్పున పడతాయి, చదువుకు ఇబ్బంది ఉండదు. 22 అంగుళాలైతే 49 సెంటీమీటర్లే, అక్షరాలు ఇంకా నున్నగా కనిపిస్తాయి. నేను రెండోసారి కొన్నది అదే, చదువు పూర్తయ్యేదాకా దానితోనే నెట్టుకొచ్చాను. ఇక 73లోంచి 54 తీసేస్తే మిగిలేది 19. నీ లాప్‌టాప్ వెడల్పు 36 దాకా ఉంటుంది కాబట్టి రెండూ పక్కపక్కన పట్టవు. లాప్‌టాప్ మూసి కిటికీ గట్టు మీద పెట్టు, విడిగా ఒక చవక కీబోర్డు తెచ్చుకో.

కొనేటప్పుడు మానిటర్ వెనక నాలుగు మరల రంధ్రాలు 100 మిల్లీమీటర్ల ఎడంలో ఉన్నాయో లేదో చూడు. కొన్నింటికి 75 మిల్లీమీటర్లు ఉంటుంది, అదైనా పరవాలేదు. రంధ్రాలు ఉంటే బల్ల అంచుకు బిగించి మానిటర్‌ను గాలిలో పట్టుకునే ఇనుప చెయ్యి (మానిటర్ ఆర్మ్) తగిలించుకోవచ్చు. తెర గోడ దాకా వెనక్కి జరిగి, కాళ్లు తినే జానెడు చోటు నీకు తిరిగి వస్తుంది. నీ చెయ్యి చాపితే వేళ్లు తెరకు తగిలేంత దూరం ఉంటే చాలు. గోడకు మాత్రం రంధ్రం పెట్టకు. నేను తర్వాతి గదిలో రెండు పెట్టాను. ఖాళీ చేసేటప్పుడు ఇంటి యజమాని డిపాజిట్‌లో 120 యూరోలు పట్టుకున్నాడు. అద్దె ఒప్పందంలో ఏముందో నువ్వే చదువుకో, జర్మన్ రాకపోతే వచ్చినవాళ్ల చేత చదివించుకో.

144 హెర్ట్జ్, వంపు తెర అని కూడా రాశావు. హెర్ట్జ్ అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్న లెక్క; చదువుకు 60 చాలు, వంపు అసలు అక్కర్లేదు. ఐపీఎస్ రకం తెర అయితే పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారదు, అది మాత్రం అడిగి తీసుకో. ఒకే తీగతో లాప్‌టాప్‌ను కూడా చార్జ్ చేసే టైప్-సి మానిటర్ చూసి మనసు పారేసుకోకు, ధర చాలా ఎక్కువ. నీ లాప్‌టాప్ టైప్-సి రంధ్రం బొమ్మను బయటికి పంపే రకమో కాదో కూడా చూడాలి, అన్నీ పంపవు. లాప్‌టాప్‌కు, మానిటర్‌కు హెచ్‌డీఎంఐ (తెరకు బొమ్మ పంపే మామూలు రంధ్రం) ఉంటే మామూలు తీగ చాలు.

వాడినది కొనాలనుకుంటే మార్చి, సెప్టెంబరు నెలాఖరులదాకా ఆగు. సెమిస్టర్ ముగిసి ఊరు వదిలేవాళ్లు బరువు మోయలేక తక్కువకు ఇచ్చేస్తారు. వెళ్లేటప్పుడు నీ లాప్‌టాప్ తీసుకెళ్లి తగిలించి చూడు. తెరంతా తెల్లగా ఒకసారి, నల్లగా ఒకసారి పెడితే చచ్చిపోయిన చుక్కలు బయటపడతాయి. నేను అది కూడా చెయ్యలేదు.

కొత్తదైతే ఆన్‌లైన్‌లోనే తీసుకో. నచ్చకపోతే 14 రోజుల్లో వెనక్కి పంపవచ్చు, నియమాలు అమ్మేవాళ్ల పేజీలో ఉంటాయి. పెట్టె, లోపలి థర్మోకోల్ పారెయ్యకు. వెనక్కి పంపాలన్నా, ఏడాదికి గది మారాలన్నా, రేపు అమ్మాలన్నా అవే కావాలి. పెట్టె ఉన్న మానిటర్‌కు పది యూరోలైనా ఎక్కువ వస్తాయి. టేపు చేతిలోనే ఉంది కదా, ఆ పెట్టె మంచం కింద పడుతుందో లేదో కూడా ఇవాళే కొలుచుకో.